దిండ్ల పొందిక

సోఫా మీద దిండ్లు సర్దడం కూడా ఒక విద్యేనా అంటారు గానీ, చేయి తిరిగినవాళ్లు సర్దితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. పెద్దవి వెనక, చిన్నవి ముందు. అదేమంత గొప్ప కాదు. నేర్పంతా కలపడంలోనే ఉంది. పోచంపల్లి ఇక్కత్ గళ్ల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు కనుక. దాని పక్కనే పెడన కలంకారీ పువ్వులు పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. మధ్యలో కలంకారీలోని ఎరుపుకే సరిపోయే సాదా ఖద్దరు గలీబు ఒకటి పెట్టి చూడండి, సర్దుకుంటాయి. నరసాపురం లేసుది ఒక్కటి చాలు. రెండోది పెట్టారో, అచ్చం పెళ్లిచూపుల గదే! 16 అంగుళాల గలీబులో 18 అంగుళాల దిండు కూరితే మూలలు నిండుగా నిలబడతాయి. కూర్చోవడానికే చోటు లేకుండా పేర్చేవాళ్లను మాత్రం నేను మెచ్చుకోలేను.