ఆహార్య దారిద్ర్యం – వాచిక సమృద్ధి: అల్పవ్యయ క్రీస్తు చలనచిత్రాలపై ఒక పరిశీలన

ప్రస్తావన

క్రీస్తు జీవితాన్ని పరిమిత వనరులతో తెరకెక్కించిన చిత్రాలను విమర్శ సాధారణంగా రెండు మాటలతో పక్కన పెడుతుంది. అవి మతప్రచార సాధనాలనేది ఒకటి, వాటిలో కళాసౌష్ఠవం లోపించిందనేది మరొకటి. మొదటి మాట ఉద్దేశానికీ రెండవది వనరులకూ సంబంధించినవి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఒక కృతి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అవి చాలవు. హరికథ, తోలుబొమ్మలాట కూడా భక్తి ప్రబోధంతో ముడిపడినవే, స్వల్ప సామగ్రితో నడిచినవే. వాటిని మన విశ్వవిద్యాలయాలు పరిశోధనాంశాలుగా ఆదరించాయి. అదే దృష్టి క్రీస్తు చిత్రాలపై అంతగా ప్రసరించలేదు.

పశువుల తొట్టిలో పుట్టి, ఇద్దరు నేరస్థుల నడుమ మరణించిన వ్యక్తి కథ ఇది. దీనిని చెప్పేటప్పుడు నిర్మాణంలోని పేదరికం దాచుకోవలసిన లోపమా, లేక కథార్థంలో భాగం కాదగినదా? ‘కరుణామయుడు’ (1978) చిత్రాన్ని ప్రధానంగా, పసోలినీ చిత్రాన్ని తులనాత్మకంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. భరతుడు చెప్పిన చతుర్విధాభినయాలలో ఆహార్యానికీ వాచికానికీ గల సంబంధం ఇందుకు ఉపకరించే పరికరం.

పౌరాణిక చిత్రం – క్రీస్తు చిత్రం: ఒక పూర్వబంధం

భారతీయ పౌరాణిక చిత్రానికీ క్రీస్తు చిత్రానికీ గల బంధం పాతది. దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు జీవితగాథను తెరపై చూస్తున్నప్పుడు తన మనోనేత్రం ముందు రాముడూ కృష్ణుడూ మెదిలారని తరువాతి కాలంలో రాసుకున్నాడు. ఆ ప్రేరణ ‘రాజా హరిశ్చంద్ర’ (1913)కు దారితీసింది. అంటే మన పౌరాణిక చిత్రం పుట్టుకలోనే ఒక విదేశీ క్రీస్తు చిత్రం ఉంది. ఆరున్నర దశాబ్దాల తరువాత తెలుగులో క్రీస్తు కథను తీయబూనినప్పుడు, అప్పటికే పరిపక్వమైన పౌరాణిక సంవిధానమే సిద్ధంగా లభించింది. అందువల్ల ‘కరుణామయుడు’ను హాలీవుడ్ బైబిలు చిత్రాలకు పేద అనుకరణగా మాత్రమే చూడడం చారిత్రకంగా అసమగ్రం. అది ఒక వలయం పూర్తికావడం కూడా.

దారిద్ర్యమే రూపమైన సందర్భం

ధనం ఒక్కటే ఈ కథకు సత్యస్ఫూర్తిని ఇవ్వలేదనడానికి 1965 నాటి ‘ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్’ ఉదాహరణ. దాదాపు 2 కోట్ల డాలర్ల వ్యయంతో, అమెరికా పశ్చిమ ప్రాంతపు ఎడారులనే పాలస్తీనాగా చూపుతూ, ప్రసిద్ధ తారలతో నిండిన ఆ చిత్రం వ్యాపారపరంగానూ నిలబడలేదు. దానికి ఒక ఏడాది ముందు ఇటలీలో పసోలినీ తీసిన ‘మత్తయి సువార్త’ మార్గం పూర్తిగా వేరు. పాలస్తీనాను స్వయంగా చూసివచ్చిన పసోలినీకి అక్కడి ఆధునికత తన కథకు అనుకూలించదనిపించింది. దక్షిణ ఇటలీలోని పేద ప్రాంతాలను, మతేరా పట్టణపు గుహాగృహాలను ఎంచుకున్నాడు. వృత్తినటులు కానివారితో నలుపు తెలుపుల్లో చిత్రం తీశాడు. ఒక స్పానిష్ విద్యార్థి క్రీస్తు పాత్ర ధరించాడు. వృద్ధ మరియగా పసోలినీ తల్లే నటించింది. సంభాషణలు సువార్త పాఠం నుంచే తీసుకున్నవి.

ఇక్కడ ఆహార్యం క్షీణించింది, కానీ దానిని కప్పిపుచ్చే ప్రయత్నం లేదు. రైతుల ముఖాలపై ముడతలు, పగిలిన గోడలు, గాలి వీచే కొండచరియలు కథకు సాక్ష్యాలుగా నిలిచాయి. మార్క్సిస్టు అయిన దర్శకుడు పేదల మధ్య నడిచిన బోధకుణ్ణి పేదల ముఖాల మధ్యనే నిలబెట్టాడు. వస్తువూ రూపమూ ఒకే దారిద్ర్యాన్ని పంచుకున్నాయి.

‘కరుణామయుడు’: ఆహార్యం, వాచికం

ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో, విజయచందర్ క్రీస్తు పాత్రధారిగా రూపొందిన ‘కరుణామయుడు’ ఇందుకు భిన్నమైన దారి తొక్కింది. భీమ్‌సింగ్ 1978 జనవరిలో మరణించగా, చిత్రం అదే ఏడాది డిసెంబరులో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. ఇందులోని క్రీస్తు ముఖం, పొడవైన కేశాలు, తెల్లని వస్త్రం యూరోపియన్ ముద్రణా చిత్రాల ద్వారా తెలుగు ఇళ్ల గోడలకెక్కిన రూపాన్ని గుర్తుచేస్తాయి. రవివర్మ ముద్రణా చిత్రాలు మన దేవతల రూపాలను స్థిరపరచినట్లే ఈ చిత్రపటాలు క్రీస్తు రూపాన్ని స్థిరపరచాయి. ప్రేక్షకుడు తెరపై కొత్త ముఖాన్ని వెదకడు. తాను ఎరిగిన ముఖాన్ని గుర్తుపట్టి చేతులు జోడిస్తాడు. పౌరాణిక చిత్ర దర్శనరీతి ఇదే.

ఆహార్యం దృష్ట్యా చూస్తే ఈ చిత్రంపై అనుకరణ దోషం మోపవచ్చు. కానీ దీని బలం వాచికంలో ఉంది. మాటలు రాసిన మోదుకూరి జాన్సన్ రంగస్థలం నుంచి వచ్చిన రచయిత, ‘నటనాలయం’ నాటకకర్త. తెలుగు బైబిలు భాష పందొమ్మిదవ శతాబ్దపు గ్రాంథిక ఛాయలతో, మూలవాక్య నిర్మాణాన్ని అంటిపెట్టుకొని సాగుతుంది. ఆరాధనలో దానికొక గాంభీర్యం ఉంది గాని, నటుని నోట అది బిగుసుకుపోతుంది. అందుకే సువార్త వాక్యాన్ని తెలుగు రంగస్థలపు ఊపిరిలోకి మార్చగల రచయిత ఈ కథకు అవసరమయ్యాడు.

ఈ వాచికానికి ఒక శ్రవణ సంప్రదాయం వెనుకబలంగా ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారు కర్ణాటక రాగతాళాలలో రచించిన క్రైస్తవ కీర్తనలు క్రీస్తును తరతరాలుగా తెలుగు చెవికి పరిచయం చేశాయి. తెలుగు ప్రేక్షకుడు క్రీస్తును తెరపై చూడకముందే పాటలో విన్నాడు. చిత్రం ఆ వినికిడిపై ఆధారపడింది.

ప్రదర్శనా పరిస్థితులు కూడా దీనిని బలపరచాయి. థియేటర్లకు వెలుపల గ్రామాల ఆరుబయళ్లలోనూ ఈ చిత్రం విస్తృతంగా ప్రదర్శితమైంది. ‘దయాసాగర్’గా హిందీలోకి వెళ్లింది. గాలికి కదిలే తెల్లగుడ్డపై, చిన్న ప్రొజెక్టరు వెలుగులో బొమ్మ పలచబడుతుంది. లౌడ్‌స్పీకరు నుంచి వచ్చే మాట మాత్రం చివరి వరుస దాటి వినబడుతుంది. అటువంటి చోట వాచికం అలంకారం కాదు, చిత్రానికి ఆధారస్తంభం.

లూకా సువార్త ఆధారంగా 1979లో వచ్చిన ‘జీసస్’ చిత్రంతో పోల్చితే ఈ విషయం మరింత స్పష్టపడుతుంది. వెయ్యికి పైగా భాషల్లోకి అనువదింపబడిన ఆ చిత్రంలో దృశ్యం స్థిరం, మాట మార్చదగినది. ‘కరుణామయుడు’లో మాటే స్థిరం. దానిని తొలగిస్తే మిగిలేది వేషధారణ మాత్రమే.

రథమనే రూపకం

దృశ్యదారిద్ర్యం, వాచికసమృద్ధి ఒకదానితో ఒకటి తలపడి అర్థాన్ని సృష్టించిన ఘట్టం సిలువయాత్ర. ఆ సందర్భంలో మోదుకూరి జాన్సన్ రచించిన గీతం నేటికీ తెలుగు నేలపై వినబడుతూనే ఉంది. అందులోని కేంద్ర రూపకం ‘కరుణరథం’. కంటికి కనిపించేది సిలువ భారంతో వంగిన మనిషి. చెవికి వినిపించేది రథం. తెలుగు శ్రోతకు రథమంటే ఉత్సవం, అలంకృత దైవం, దానిని లాగే జనసమూహం. ఆ దైవం ఊరేగుతుంది, భారం భక్తులది. ఇక్కడ ఆ సంబంధం తలకిందులైంది. దైవమే భారం మోస్తోంది, జనం చూస్తూ నిలబడ్డారు. రథం ఎక్కదగినవాడే ఇరుసుగా మారి నలుగుతున్నాడు.

ఈ వైరుధ్యాన్ని ఏ భారీ సెట్టూ ఇవ్వజాలదు. నిజంగా ఒక రథాన్ని చూపి ఉంటే రూపకం చచ్చిపోయేది. దృశ్యం పేదగా ఉన్నందుననే పదం ధ్వనిస్తోంది. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, వాచ్యానికీ దృశ్యానికీ మధ్య ఉన్న ఎడమే ఇక్కడ వ్యంగ్యార్థానికి చోటిచ్చింది.

వైభవం ఎవరి ఆకాంక్ష?

అయితే పసోలినీ నిరాడంబరతను ప్రమాణంగా పెట్టుకొని తెలుగు చిత్రపు తళుకును తక్కువ చేయడం తొందరపాటు. పసోలినీ చిత్రం వచ్చిన 1964లోనే జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. అంటరానితనపు అవమానాన్ని అనుభవించిన కవి, పేదల పక్షాన నిలిచిన క్రీస్తు కథకు పద్యాన్ని, అంటే తనకు నిరాకరింపబడిన పాండిత్య గౌరవానికి చిహ్నమైన రూపాన్ని ఎంచుకున్నాడు. అది దారిద్ర్యానికి ద్రోహం కాదు, హక్కు ప్రకటన. నిరాడంబరతను ఎంచుకోవడం అది బలవంతంగా రుద్దబడని వారికి సులభం. ఆలయరథానికి దూరంగా నిలబెట్టబడిన సమాజాల నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవుడు తన దేవుణ్ణి పట్టువస్త్రంలో, రథమనే మాటలో చూడగోరడాన్ని ఈ చరిత్ర వెలుగులోనే అర్థం చేసుకోవాలి.

ఇంతమాత్రాన తళుకంతా సమర్థనీయం కాదు. జాషువా పద్యాన్ని స్వాధీనం చేసుకున్నాడు, అరువు తెచ్చుకోలేదు. యూరోపియన్ చిత్రపటం నుంచి దిగుమతి అయిన తెల్లని ముఖం మాత్రం అరువు వస్తువే. గలిలయ వడ్రంగి శరీరానికీ, దానిని చూస్తున్న తెలుగు కూలీ శరీరానికీ మధ్య ఉన్న సామ్యాన్ని అది చెరిపివేస్తుంది. మాటలో తెలుగువాడైన క్రీస్తు రూపంలో పరదేశిగానే మిగిలిపోవడం ‘కరుణామయుడు’ పరిమితి. దీనికి బడ్జెట్టు కారణం కాదు. తెలుగు కూలీ పోలికలున్న ముఖానికి అదనపు ఖర్చేమీ లేదు. దానిని దైవముఖంగా ఊహించగల ధైర్యమే కావాలి.

ముగింపు

అల్పవ్యయ క్రీస్తు చిత్రాలను అంచనా వేయవలసింది వాటిలో లేని వైభవంతో కాదు, ఉన్న కొద్దిపాటి వనరుల మధ్య అవి ఏర్పరచిన సంబంధంతో. పసోలినీ ఆహార్యాన్ని తగ్గించి ముఖాన్ని నమ్ముకున్నాడు. తెలుగు చిత్రం వాచికాన్ని నమ్ముకుంది. మొదటి చిత్రంలో పేదరికం కనబడుతుంది. రెండవదానిలో, దాని ఉత్తమ ఘట్టాలలో, పేదరికానికి ఎదురు నిలిచిన మాట వినబడుతుంది. మాట అనుకరణను దాటి స్వాధీనతకు చేరిన చోట ఈ చిత్రం కావ్యగౌరవం పొందింది, రూపం అనుకరణలోనే ఆగినచోట వెనుకబడింది. సిలువయాత్ర గీతాన్ని తెలుగు క్రైస్తవ కీర్తన సాహిత్యంతోనూ, చిత్రసంభాషణను పద్యనాటక వాచికంతోనూ కలిపి చదవడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ఆ పఠనం జరగనంతవరకు తెలుగు పౌరాణిక చిత్ర చరిత్రలో ఒక అధ్యాయం అసంపూర్ణంగానే ఉంటుంది.