మెత్తబడిన కాలానికి మొక్కు

పెద్దమండ్యం ఎండా, నీకు దండం. గుట్టల మీది గుండ్రాళ్ళను పొద్దున్నే వేడెక్కించి, చెరువు అడుగున నెర్రెలు తెరిచి, మిట్టమధ్యాహ్నం ఊరంతటి చేతా తలుపులు మూయించే ఎండా, నీకు దండం. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం ఇంకా రాని ఈ నడిమి నెలల్లో “ఇంకేం చేస్తావు మే?” అని అడగని దానివి నువ్వొక్కదానివే. అడగకుండానే నన్ను అవ్వ ట్రంకుపెట్టె ముందర కూర్చోబెట్టావు.

కలరా ఉండల వాసన, దాని కింద గంధం, ఆ కింద మడతలు. బుట్టచేతుల జాకెట్లు, నడుము దగ్గర చేత్తో వేసిన హెమ్మింగు, కొక్కేలు తుప్పుపట్టినా కుట్టు సడలనివి. ముదురాకుపచ్చ చీరకు అరటిపండు రంగు అంచు. ఇప్పటి దుకాణాల్లో ఆ రెండు రంగులను పక్కపక్కన పెట్టే ధైర్యం నాకు కనబడలేదు. ఒక నూలుచీర తీసి, ఇది బాగా పాతబడిందవ్వా అంటే, అవ్వ దాన్ని నా చెంపకు ఆనించింది. “పాతబడలేదు మే, మెత్తబడింది” అంది. ఈ ఎండాకాలమంతా నేను ఆ మాట వెంటే నడిచాను.

బుట్టచేతులకు దండం. ఆ జాకెట్టు వేసుకుని, ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని మదనపల్లె బస్సెక్కితే, పక్కసీటులో పెద్దామె అంచు పట్టుకుని చూసి, ఎవరిదని అడగలేదు, ఎవరు నేసినారని అడిగింది. ఆ అడగడానికీ దండం. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో వీధికి వీధే జవాబు చెబుతుంది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడు, పడుగు మీద చూపు, చేతిలో నాడె. తలపైన జకార్డు అట్టలు ఒకటొకటిగా తిరుగుతుంటాయి, అట్టలో పొడిచిన చిల్లులే అంచులో మామిడిపిందెలవుతాయి. ఒక పోగు తెగితే మగ్గం ఆగుతుంది. ముడి పడితేనే మళ్ళీ కదులుతుంది. మగ్గం మీది పట్టు ఎక్కడిదో మా పక్క పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. మల్బరీ ఆకు కోసి, పురుగులకు మేత వేసి, కుబుసం విడిచే నాలుగు జొరాలు దాటించి, నెల తిరక్కుండా గూళ్ళు కట్టే చంద్రికల మీదికి ఎక్కించే ఇళ్ళు మదనపల్లె నుంచి పుంగనూరు, కుప్పం దాకా ఉన్నాయి. ఒక్క గూటిలో దాదాపు కిలోమీటరు పోగు. పురుగులు ఆకు నమిలే చప్పుడు రాత్రిపూట చిరుజల్లులా వినిపిస్తుంది. వానలేని ఊళ్ళలో ఆ చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం.

బొంతకు దండం. చీర కట్టడానికి పనికిరాని రోజు దానికి చివరి రోజు కాదు. నాలుగైదు చీరలు పొరలుగా పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి, అంచు నుంచి లోపలికి చదరం లోపల చదరంగా కుట్టుకుంటూ పోతారు. మధ్యాహ్నాలు మా వసారాలో నలుగురు ఆడవాళ్ళు నాలుగు పక్కలా కూర్చుంటే, నేను దారం ఎక్కించే పనితో మొదలుపెట్టి ఒక మూలకు ఎదిగాను. ఎవరి కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడగానే తెలుస్తుంది, చేతిరాత తెలిసినట్టే. పక్క తండా నుంచి వచ్చిన సుగాలి అవ్వ రవికె మీద అద్దాలు, గవ్వలు చూసి ఆ అద్దం చుట్టూ దారం ఎలా నిలుస్తుందని అడిగాను. ముందు నాలుగు దారాలతో కట్టేసి, ఆ దారాలనే పట్టుకుని చుట్టూ అల్లుకొస్తుందట. గుడ్డకు అద్దాన్ని అంటించేది జిగురు కాదు, బిగువు.

పాటకు వస్తాను, పాటకు రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. మా తాత టేపురికార్డరులో హరికథ క్యాసెట్లున్నాయి, ఘంటసాల ఉన్నాడు, రీలు వదులైతే పెన్సిలు పెట్టి తిప్పాలి. అది విని నిద్రపోయే మధ్యాహ్నాలు మంచివే. కానీ అసలు పాట రాత్రిది, బయటిది. ఎండాకాలం వచ్చిందంటే మా చిత్తూరు సీమలో భారతం వచ్చినట్టు. ద్రౌపదమ్మ గుడి ముందర పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మద్దెల, తాళాలు, హార్మోనియం. కొయ్య కిరీటాలకు, భుజకీర్తులకు అద్దం పెంకులు, తళుకు కాగితాలు అతికిస్తారు. ముఖానికి అర్దళం పూస్తారు. దీపం కింద ఆ పచ్చని ముఖం చూస్తే, పగలు టమోటా మండీలో గంపలెత్తిన మనిషి అని ఎవరికీ గుర్తుండదు. పాత ఫ్యాషను ఎక్కడ నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే నేను ఆ వేషం కట్టే పాకలోకి తీసుకుపోతాను. అర్జునుడు తపసుమాను ఎక్కేటప్పుడు పద్యానికీ పద్యానికీ మధ్య కిందికి విసిరే నిమ్మపండు కోసం కొంగులు చాపిన ఆడవాళ్ళను చూశాను. వాళ్ళకు అది నాటకం కాదు.

తరిగొండకు దండం. గుర్రంకొండ కోట దాటగానే మా పొరుగూరు. 1730లో అక్కడ పుట్టిన వెంగమాంబ చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుంది, లోకం చెప్పిన వైధవ్యానికి తల వంచలేదు, శతకం రాసింది, ద్విపద రాసింది, యక్షగానాలు రాసింది. 1817లో తిరుమలలో కన్నుమూసింది. ఆమె పేరిట ముత్యాల హారతి ఈనాటికీ తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో వెలుగుతుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆమెను అద్దాల బీరువాలో పెట్టలేదు, పనిలో పెట్టారు. ప్రతి రాత్రీ పని. నాకు ఇంతకంటే గొప్ప కీర్తి తోచదు.

నాలాంటి ఇంకొక పట్టభద్రురాలు ఉంది, ఆమెకూ దండం. మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో డిగ్రీ తీసుకున్న మనిషి. భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి ప్రిన్సిపాలు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు వాళ్ళ అతిథిగా వచ్చి పిల్లల ముందర జనగణమన పాడితే, ఆమె ఆ వరసను స్వరాలుగా కాగితం మీద పెట్టింది. అదే నెల 28న కవి ఆ పాటను తన చేత్తో ఇంగ్లీషులో రాశాడు. పాట 1911లోనే కలకత్తాలో పుట్టింది నిజమే. కానీ నేర్చుకున్న చదువు ఎక్కడో వేల మైళ్ళ అవతలి ఊళ్ళో, ఇంకొకరి భాషలో, ఒక్క పాటను జాగ్రత్తగా పట్టుకోవడానికి పనికొచ్చింది కదా. ఆ కాలేజీ ముందు నుంచి పోయిన ప్రతిసారీ నా చదువును అలా ఏ పాటకు ఇవ్వాలా అనుకుంటాను.

ఇప్పటికి నా చేతికి దొరికింది కలం. వెదురు కలం. శ్రీకాళహస్తిలో చూసొచ్చినట్టే పెరట్లో కలంకారీ చేస్తున్నాను. కోరాగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తే రంగు పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీతలు. కుండలో తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు పోసి వారాల తరబడి పులియబెడితే నలుపునిచ్చే కసిం. కలంతో దించినప్పుడు వెలిసిన నీరులా ఉంటుంది. కరక్కాయ తగలగానే గుడ్డ మీదే కళ్ళముందు నల్లబడుతుంది. ఆ నలుపు పుట్టే క్షణం కోసం నేను ఎన్ని గీతలైనా గీస్తాను. పటిక పూసిన చోట ఎరుపు, కరక్కాయ పూవుతో పసుపు, ప్రతి రంగుకూ మళ్ళీ ఉతుకు, మళ్ళీ నీ ఎండ. నువ్వు లేకుండా ఈ పని లేదు.

నేను గీస్తున్నది ద్రౌపదమ్మను. ఆమెకు ముదురాకుపచ్చ చీర కట్టాలని ఉంది. నీలిమందు మీద పసుపు పడితే ఆకుపచ్చ వస్తుందన్నారు, ఇంకా చేసి చూడలేదు. భారతం ఆఖరు రోజు మట్టి దుర్యోధనుడు పడి, ఆ తల్లి జుట్టు ముడుచుకునే పూటకు ఈ గుడ్డ గుడి ముందర కట్టాలి. రండి. చీరలుంటే పాతవే కట్టుకుని రండి.