రాసేవాడు, వేసేవాడు

మొన్న ఆదివారం విజయవాడలో ఓ పుస్తకావిష్కరణకు వెళ్ళాను. వేదిక మీది పెద్దాయన కొత్త పుస్తకం చేతిలోకి తీసుకుని, లోపలి పేజీ తిప్పి, ప్రచురణకర్త దగ్గర కూడా రచయిత పేరే కనబడేసరికి, "ఓహో, సొంత డబ్బులతో వేసుకున్నారన్నమాట" అని మైకులో నవ్వారు. సభలో సగం మంది ఆయనతో గొంతు కలిపారు. నాకు ఒళ్ళు మండింది.

చిత్రమేమిటంటే, ఆయనన్నది ఈ కాలమ్‌లో నేను ఏళ్ళ తరబడి అంటున్నదే. రాసేవాడు రాయాలి, వేసేవాడు వేయాలి. రెండు పనులూ నెత్తికెత్తుకున్నవాడి కథలు అటకెక్కుతాయి, కట్టలు మంచం కింద చేరతాయి. ఈ ముక్క రాసినప్పుడల్లా నన్ను తిడుతూ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అయినా నా అభిప్రాయం ఇంకొకరి నోట అంత వెటకారంగా వినేసరికి, దాన్ని ఓసారి మళ్ళీ తిరగేసి చూడాలనిపించింది.

ఈ వాదానికి నేనెప్పుడూ పిలిచే సాక్షి ఆగస్ట్ డెర్లెత్. దయ్యాల కథలంటే భేతాళుడితో మొదలై 'తులసీదళం' దగ్గర ఆగిపోయినవారి కోసం మరోసారి చెబుతాను. అమెరికాలో విస్కాన్సిన్ నది ఒడ్డున సాక్ సిటీ అనే చిన్న ఊళ్ళో 1909లో పుట్టాడు. చదువుకునే వయసులోనే, 1926లో, అతని రక్తపిశాచి కథ 'వియర్డ్ టేల్స్' పత్రికలో అచ్చయింది. పంతొమ్మిదేళ్ళప్పుడు కానన్ డాయల్‌కు ఉత్తరం రాశాడు, షెర్లాక్ హోమ్స్ కథలు ఇంకా రాస్తారా అని. రాయనని జవాబొచ్చింది. సరే, ఆ పనేదో నేనే చేస్తానని కేలండర్‌లో ఓ తేదీ దగ్గర గుర్తు పెట్టుకుని, ఆ రోజు కూర్చుని సోలార్ పాన్స్ అనే డిటెక్టివ్‌ని పుట్టించాడు. హోమ్స్ ఉండేది బేకర్ స్ట్రీట్ అయితే ఇతగాడిది ప్రేడ్ స్ట్రీట్.

ఇది ఒక చెయ్యి. రెండో చెయ్యి తన ఊరి గురించి రాసేది. సాక్ ప్రయరీ అని పేరు మార్చి, ఆ పల్లె మనుషుల మీద నవలలు, కథలు, కవితలు వరసగా రాశాడు. సింక్లెయిర్ లూయిస్ అంతటివాడు మెచ్చుకున్నాడు. 1938లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. ఆ డబ్బులో కొంత తను దాచుకున్న పత్రికల కామిక్ బొమ్మల్ని బైండు చేయించడానికి ఖర్చు పెట్టాడంటారు. విదేశాలు తిరిగి రమ్మని ఇచ్చిన డబ్బుతో బైండింగు పని! ఈ ఒక్క సంగతి చాలు నాకు అతను నచ్చడానికి. బొమ్మల చందమామలు ఏడాదికొక సంపుటంగా కుట్టించుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ పిచ్చి ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతలో 1937లో, భయానక కథలు రాసే హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ పోయాడు. ఇద్దరికీ పదేళ్ళకు పైగా ఉత్తరాల స్నేహం. ఒకరినొకరు ఒక్కసారైనా చూసుకోలేదు. లవ్‌క్రాఫ్ట్ బతికుండగా పుస్తకమంటూ వచ్చింది అచ్చుతప్పులతో నిండిన ఒక్క నవలిక. మిగతావన్నీ చవక పత్రికల్లోనే ఉండిపోయాయి. ఆ కథల్ని ఏరి డెర్లెత్ పెద్ద ప్రచురణ సంస్థల దగ్గరికి పంపితే వద్దన్నారు. మన సామెతలో ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. డెర్లెత్ ఇల్లు కట్టడానికి బ్యాంకులో అప్పు చేసి, అందులోంచి కొంత తీసి పుస్తకం వేసి చూశాడు. మిత్రుడు డొనాల్డ్ వాండ్రైతో కలిసి 1939లో ఆర్కమ్ హౌస్ పెట్టి, 'ది అవుట్‌సైడర్ అండ్ అదర్స్' అచ్చు వేశాడు. 1,268 కాపీలు. వెల ఐదు డాలర్లు. అన్నీ అమ్ముడుపోవడానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది.

ఆ ఇంటి నుంచే రే బ్రాడ్‌బరీ మొదటి పుస్తకం 1947లో వచ్చింది. లివర్‌పూల్ కుర్రాడు రామ్సే క్యాంబెల్ లవ్‌క్రాఫ్ట్‌ని అనుకరిస్తూ, ఎన్నడూ చూడని అమెరికా ఊళ్ళలో కథలు నడిపిస్తుంటే, ముందు నీ దేశానికి తిరిగి రా అని డెర్లెత్ ఉత్తరం రాశాడు. క్యాంబెల్ కథల్ని ఇంగ్లండుకు మార్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకే, 1964లో, అతని పుస్తకం ఆర్కమ్ హౌస్ నుంచి వచ్చింది. 1971లో పోయేవరకూ డెర్లెత్ ఈ బండి లాగుతూనే ఉన్నాడు. వందకు పైగా పుస్తకాలు రాసినా, లోకం అతన్ని గుర్తుపెట్టుకున్నది లవ్‌క్రాఫ్ట్‌ని అచ్చు వేసినవాడిగానే. సాక్ ప్రయరీ సొంత ఊరివాళ్ళకీ కొద్దిమంది అభిమానులకీ మిగిలింది. చూశారా, ప్రచురణ రచయితని మింగేసింది అని ఇక్కడే నేను ఎప్పుడూ పుల్‌స్టాప్ పెట్టేవాణ్ణి.

ఈసారి పెట్టలేకపోయాను. డెర్లెత్ మీద లవ్‌క్రాఫ్ట్ అభిమానుల కోపం దేనికి? పోయిన మిత్రుడి రాతల తునకలు తీసుకుని, తను కథలల్లి, ఇద్దరి పేర్లూ వేసినందుకు. 1945 నాటి 'ది లర్కర్ ఎట్ ద థ్రెషోల్డ్' సుమారు యాభై వేల మాటల నవల. అందులో లవ్‌క్రాఫ్ట్‌వి పన్నెండు వందలో ఏమో. పైగా మనిషంటే లెక్కే లేని లవ్‌క్రాఫ్ట్ విశ్వంలోకి మంచి దేవతల్నీ చెడ్డ దేవతల్నీ తెచ్చి కొట్లాట పెట్టాడు. ఇవన్నీ రచయితగా చేసిన పనులే. ప్రచురణకర్త మిత్రుడిని చావనివ్వలేదు, రచయిత ఆ మిత్రుడి భుజమ్మీద చెయ్యేసి ఫొటోలో దూరాడు. ఇలా చూస్తే అతను ఆపేయాల్సింది కథలు గానీ పుస్తకాలు వేయడం కాదు అనాలి.

అదీ అనలేను. మొదటి పదేళ్ళూ ఆర్కమ్ హౌస్ లాభం ముఖం చూడలేదు. ఆ లోటు పూడ్చింది డెర్లెత్ రాతల మీద వచ్చిన డబ్బే. గబగబా రాసి పత్రికలకు పంపిన దయ్యాల కథలను తనే పెద్దగా లెక్కచేయలేదు. కానీ ఆ సంపాదనలోంచే అచ్చు ఖర్చు వచ్చింది. నాసిరకం కథ మానేసి ఉంటే మంచి పుస్తకానికి డబ్బెక్కడిది? రాసేవాణ్ణీ వేసేవాణ్ణీ విడదీయాలన్న నా సూత్రం డెర్లెత్ ఇంటి జమాఖర్చుల ముందు నిలబడదు.

ఆర్కమ్ హౌస్ వేసిన మొదటి పుస్తకం లవ్‌క్రాఫ్ట్‌ది, రెండోది డెర్లెత్ సొంతది. మన దగ్గర మొదటిది సొంతది, రెండోదీ సొంతదే, మూడోది ఉంటే అదీ సొంతదే. నా పాత కోపంలో ఈ ఒక్క ముక్క మాత్రం వదులుకోను. కానీ తన పక్కన ఇంకొకరి పుస్తకం వేసేవాడు కనబడితే, అతను ఎంత రాస్తే అంత రాయనివ్వండి. కాగితం బిల్లు ఎక్కడి నుంచో రావాలి కదా.