అది నీళ్ల పైపు కాదు

బోస్టన్, టొరంటో లాంటి చలి ఊళ్లలో ఇంటి పక్కగోడలోంచి ఒక తెల్ల ప్లాస్టిక్ పైపు బయటికి తొంగి చూస్తుంటుంది. చలికాలం పొద్దున్నే దాని మూతి నుంచి తెల్లగా ఆవిరి వస్తుంది. మన ఊళ్లో ఇలాంటి పైపులో నీళ్లు పారడమే చూసినవాళ్లు అక్కడా నీళ్ల పైపే అనుకోవడం సహజం. కానీ అది ఆ ఇంటి పొగగొట్టం.

ఇళ్లను వెచ్చబరిచే పాతకాలపు గ్యాస్ ఫర్నేసుల పొగ వేడికి ప్లాస్టిక్ ఆగేది కాదు. లోహపు గొట్టమో, ఇటుక చిమ్నీయో ఉండాల్సిందే. ఇప్పటి కండెన్సింగ్ ఫర్నేసులు గ్యాస్ ఇచ్చే వేడిలో 90 శాతానికి పైగా ఇంటికే మిగిలిస్తాయి. పొగలోని ఆవిరిని కూడా లోపలే నీరుగా మార్చి, ఆ వేడినీ లాగేస్తాయి. అందుకే పొగ బాగా చల్లారి బయటికొస్తుంది. ఆ నీటికి పులుపు గుణం ఎక్కువ, మామూలు లోహపు గొట్టాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్‌ను ఏమీ చేయలేదు.

ఈ పనిలో నేర్పంతా వాలులోనూ అతుకులోనూ ఉంది. పైపు అడుగుకి పావు అంగుళం చొప్పున ఫర్నేస్ వైపుకే వాలాలి, బయటికి కాదు. అప్పుడే పైపులో చేరిన నీరు వెనక్కి వచ్చి డ్రెయిన్‌లోకి పోతుంది. మధ్యలో పైపు కాస్త కుంగినా అక్కడ నీరు నిలిచి పొగకు అడ్డం పడుతుంది. అందుకే తయారీదారు చెప్పిన దూరాల్లో క్లాంపులు వేయాలి. పీవీసీ పైపును తిన్నగా కోసి, అంచుల గరుకు తీసి, ప్రైమర్ రాసి, ఆపైన సాల్వెంట్ సిమెంట్ పూయాలి. పైపును ఎల్బోలోకి చివరిదాకా దూర్చి పావు చుట్టు తిప్పి, అర నిమిషం అలాగే నొక్కి పట్టుకోవాలి. రెండు ప్లాస్టిక్ ముక్కలు కరిగి ఒకటయ్యే సమయం అది. ఆ అర నిమిషం ఓపిక లేనివాడు ఈ పనికి దిగకూడదు.

ఎందుకంటే ఈ పైపులో పొగను ఫ్యాన్ నెడుతుంది. అతుకు వదులైతే పొగ ఇంట్లోకే వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటే తెలియదు, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

ఏ ప్లాస్టిక్ అన్నదీ ముఖ్యమే. పీవీసీ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాకా, సీపీవీసీ 90 దాకా తట్టుకుంటాయి. పాలీప్రొపిలీన్ ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది కానీ దానికి జిగురు పట్టదు, రబ్బరు గాస్కెట్లతోనే బిగించాలి. కెనడాలో యూఎల్‌సీ ఎస్636 ప్రమాణం ముద్ర ఉన్న పైపు, ఫిటింగులు, సిమెంట్ అన్నీ ఒకే కంపెనీ సెట్టుగా వాడాలి. ఈ పట్టింపు చాదస్తం కాదు. 1980ల చివరి నుంచి, అధిక వేడిని తట్టుకుంటాయని అమెరికా ఇళ్లలో బిగించిన ప్లాస్టిక్ గొట్టాలు పగిలి, అతుకుల దగ్గర ఊడిపోయే ప్రమాదం బయటపడింది. 1998లో అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ దాదాపు 2,50,000 ఇళ్లలో వాటిని మార్చే కార్యక్రమం ప్రకటించింది.

అతుకులన్నీ కుదిరినా మంచు ఉంది. 2005 జనవరి తుఫానులో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో ఒక ఇంటి పొగగొట్టాన్ని మంచు మూసేసింది. ఆ విషవాయువు ఇంట్లో నిండి ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ పాప పేరుతో వచ్చిన నికోల్స్ లా ఆ రాష్ట్రంలో ఇళ్లకు కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసింది. పొగగొట్టం నేలకు దగ్గరగా ఉంటే, దానికి సరిగ్గా పైన, కనీసం ఎనిమిది అడుగుల ఎత్తున, కింద గ్యాస్ వెంట్ ఉంది, అడ్డు పెట్టవద్దని పలక బిగించాలని కూడా అక్కడి నిబంధన. ఎంత మంచు పేరుకున్నా పలక పైకి కనబడాలి కదా!

న్యూజెర్సీలోనో టొరంటోలోనో బేస్‌మెంట్లు అద్దెకు తీసుకునే మన విద్యార్థులకు పక్క గదిలోనే ఫర్నేస్ ఉండొచ్చు. చేరిన రోజే అలారం బటన్ నొక్కి చూడాలి. మంచు పడినప్పుడు కారు కన్నా ముందు పైపు మూతి చుట్టూ తవ్వాలి. అతుకు దగ్గర తడి మరక కనబడితే ఇంటి యజమానిని అడిగి లైసెన్సున్న టెక్నీషియన్‌ను పిలిపించాలి. టేపు చుట్టి సరిపెట్టకూడదు.