ఊదుగొట్టం

కట్టెల పొయ్యిలో మంట ఆరిపోకుండా కాపాడే పనిముట్లలో అన్నిటికంటే చవకైనది ఊదుగొట్టం. మూరెడు నుంచి మూరన్నర పొడవు, రెండు కొసలా తెరిచిన సన్నని గొట్టం, అంతే. దీన్ని కొనుక్కున్నవాళ్ళు తక్కువ. వెదురు ముక్కో, పాత నీళ్ళ పైపు ముక్కో ఇంట్లో ఏది దొరికితే దానితోనే చేసుకునేవారు.

నోటితో నేరుగా ఊదితే గాలి పొయ్యంతా చెదురుతుంది, బూడిద లేచి కళ్ళలో పడుతుంది. గొట్టం అదే ఊపిరిని ధారగా చేసి కావలసిన చోటికే పంపుతుంది. ఆ ధార చుట్టుపక్కల గాలిని కూడా వెంట లాక్కుపోతుంది. విడిచిన ఊపిరిలోనూ దాదాపు 16 శాతం ఆక్సిజన్ మిగిలి ఉంటుంది కనుక నిప్పుకు లోటు రాదు. నిప్పుల మీది బూడిద పొర తొలగి, ఎర్రదనం పెరిగి, కట్టె నుంచి వచ్చే ఆవిర్లు భగ్గున అంటుకుంటాయి. కళ్ళు మండించే పొగలో చాలా భాగం ఇలా అంటుకోకుండా పోయిన ఇంధనమే. అందుకే మంట లేవగానే పొగ తగ్గుతుంది.

వెదురుతో చేయాలంటే ఎండిన బొంగు తీసుకుని, లోపలి కణుపులను ఎర్రగా కాల్చిన చువ్వతో పొడిచి తెరవాలి. చివర కాలిపోతూ ఉంటుంది కాబట్టి అది ఎక్కువ కాలం రాదు. ఇనుప పైపు మన్నుతుంది. నిప్పు వైపు కొసను సుత్తితో కాస్త నొక్కితే ధార సన్నబడి వేగం పెరుగుతుంది. పూర్తిగా మూసుకుపోతే మాత్రం ఊదేవారికి ఆయాసమే మిగులుతుంది. నోటి వైపు అంచును ఆకురాయితో నున్నగా అరగదీయాలి. హైదరాబాద్‌లోని అమీర్‌పేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని రాణిగంజ్ ఇనుప సామాన్ల బజారులో పైపులకు కొదవ లేదు, కానీ జింకు పూత ఉన్న జీఐ పైపు దీనికి పనికిరాదు. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే దాని పొగ జ్వరం తెప్పిస్తుంది. పూత లేని మామూలు ఇనుమే మంచిది. ప్లాస్టిక్ పైపు సంగతి చెప్పనక్కర్లేదు.

చేయడం కంటే వాడటంలోనే నేర్పు ఉంది. గొట్టం కొసను మంటకు కాక, కట్టెలు ఒకదానికొకటి ఆనుకున్న చోట ఉన్న నిప్పులకు చూపాలి. గొట్టం నోట్లో ఉండగా ఊపిరి పీల్చకూడదు. దాన్ని పక్కకు తీసి, పీల్చుకుని, మళ్ళీ పెట్టి నిదానంగా ఊదాలి. గట్టిగా ఊదితే రాజుకునే నిప్పు కూడా చల్లబడుతుంది. కట్టె పచ్చిదైతే ఎంత ఊదినా ఫలితం అంతంతమాత్రం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం గ్యాసును పేదిళ్ళకూ చేర్చాక ఊదుగొట్టం చాలా ఇళ్ళ నుంచి తప్పుకుంది. హాస్టళ్ళు, అపార్ట్‌మెంట్లతో కిక్కిరిసిన అమీర్‌పేట, పంజాగుట్టల్లో అయితే ఈ పేరు వినని పిల్లలే ఎక్కువ. అయినా రంజాన్ నెల వస్తే అక్కడి హోటళ్ళ ముందు హలీం కోసం ఇటుకలతో, మట్టితో బట్టీలు వెలుస్తాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం కట్టెల సెగ మీద గంటల తరబడి ఉడకాలి. ఇటుక గోడ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మంట తగ్గినా ఉడుకు ఆగదు. అంత పెద్ద పొయ్యికి నోటి ఊపిరి చాలదు. పొడవాటి ఇనుప చువ్వతో కట్టెలను లోపలికి తోయడం, నిప్పులను వెనక్కి లాగడం ద్వారానే సెగను హెచ్చించి తగ్గిస్తారు. సూత్రం మాత్రం ఒకటే: నిప్పుకు గాలి ఎంత అందాలో తేల్చేది వంటమనిషి చేయే.

ఊదుగొట్టం పొగను తగ్గించగలదు కానీ పోగొట్టలేదు. ఇళ్ళలో పొయ్యి పొగల వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి నాలుగు గోడల మధ్య రోజువారీ వంటకు గ్యాసే మేలు. కట్టెల పొయ్యీ ఊదుగొట్టమూ ఆరుబయటే ఉండాలి.