సర్వనామం నుంచి సంజ్ఞకు: ‘మా టీవీ’ నామపరిణామం

తెలుగు ఛానెళ్ల పేర్లలో ‘మా టీవీ’ది ప్రత్యేక నిర్మాణం. 2002లో హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైన ఈ సంస్థ ‘మన’ను కాక ‘మా’ను ఎంచుకోవడం గమనార్హం. ‘మన’ శ్రోతను కలుపుకొంటుంది. ‘మా’ వెలుపల నిలుపుతుంది. ఛానెల్ తన్ను తాను ‘మా’ అని చెప్పుకొన్నప్పుడు ప్రేక్షకుడు కేవలం అతిథి. అదే మాటను యూసుఫ్‌గూడలోని ఒక ఇంట్లో ప్రేక్షకుడే పలికితే, ‘మా ఊరు’, ‘మా ఇల్లు’ వరుసలో స్వామ్యం అతనికి సంక్రమిస్తుంది. ఆ పేరుకున్న బలమంతా ఈ వక్తృభేదంలోనే ఉంది. 2014 రాష్ట్ర విభజనతో దూరదర్శన్‌కు ‘సప్తగిరి’ ఒక్కటీ చాలక ‘యాదగిరి’ అవసరమైంది. ‘మా’కు ఆ ఇబ్బంది ఎదురుకాలేదు, ఏ ప్రాంతంవారు పలికితే వారిదే అయింది.

విభజనను తట్టుకొన్న సర్వనామం విక్రయాన్ని తట్టుకోలేకపోయింది. 2015లో స్టార్ ఇండియా కొనుగోలు, 2017లో ‘స్టార్ మా’ అన్న కొత్త పేరు. షష్ఠ్యంతమైన ‘మా’ విశేష్యాన్ని ఆశిస్తుంది. ‘టీవీ’ తొలగడంతో ఆ ఆకాంక్ష తీరదు. ‘స్టార్ మా మ్యూజిక్’లో విశేష్యం దక్కినా, యజమాని ఎవరో ‘స్టార్’ ముందే చెప్పేస్తుంది. రోమన్ లిపిలోనైతే హిందీ ఎరిగినవారికి అమ్మే స్ఫురిస్తుంది. వ్యవహారంలో మాత్రం ‘మాటీవీ’ ఇంకా వినిపిస్తూనే ఉంది.