ఏడు నెలల బాకీ

రోహిత్ వేముల చివరి ఉత్తరం మీద మనోళ్లు ఎన్ని కవితలు రాశారో లెక్కలేదు. నేనూ చాలా చదివాను. సభల్లో విన్నాను. దాదాపు అన్నింట్లోనూ నక్షత్రాలే. కార్ల్ సాగన్ లాగా సైన్సు రాసే రచయిత కావాలనుకున్న పిల్లవాడు, మనిషిని ఓటుకూ అంకెకూ కుదించేసిన లోకం, నక్షత్రాల దాకా ప్రయాణం. కవులు అక్కడే ఆగారు. ఆ కవిత్వం మీద రాసిన విమర్శకులూ అక్కడే ఆగారు. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నా కన్ను ఆ ఉత్తరంలో ఇంకోచోట ఆగింది.

తనకు 7 నెలల ఫెలోషిప్ రావాలని, అది 1,75,000 రూపాయలని, ఇంట్లోవాళ్లకు అందేలా చూడమని రాశాడు. అందులోంచి ఒక స్నేహితుడికి 40 వేల దాకా ఇవ్వాలని, అతను ఎన్నడూ తిరిగి అడగలేదని రాశాడు. 7 నెలలకు 1,75,000 అంటే నెలకు 25,000. ఆనాటి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సరిగ్గా అంతే. లెక్క తప్పలేదు. ఆ రాత్రి కూడా తనకు రావలసిందేదో, తాను ఇవ్వవలసిందేదో తప్పులేకుండా రాసి పెట్టాడు.

ఈ వాక్యాల్ని పక్కకు నెట్టి మిగతా ఉత్తరాన్ని సాహిత్యం చేశాం. ఇది మనం అగ్రవర్ణ సౌందర్యశాస్త్రం దగ్గర నేర్చుకున్న చదువు. ఆకలిని ఉపమానంగా చెబితే కవిత్వం. అదే ఆకలిని రూపాయల్లో చెబితే చిల్లర విషయం. కానీ యూనివర్సిటీలో మన పిల్లల ప్రాణం చిల్లర విషయాల మీదనే నిలబడి ఉంటది. నెలనెలా పడే డబ్బు, కుదిరిన గైడు, తాళం పడని రూము, పేరు కొట్టెయ్యని మెస్సు. విద్యార్థి రక్షణ అంటే నాకు తెలిసినంతలో ఈ నాలుగే. మిగతావన్నీ వీటి తర్వాత.

ఆ ఒక్క ఉత్తరాన్నే చదివితే సగమే తెలుస్తది. దానికి ముందు వచ్చిన ఉత్తరాలు కూడా వరుసలో పెట్టి చదవాలి. 2015 ఆగస్టులో క్యాంపస్‌లో రెండు విద్యార్థి సంఘాల నడుమ గొడవ. ఆ నెలలోనే కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల శాఖకు ఉత్తరం రాశారు. ఆ శాఖ నుంచి యూనివర్సిటీకి సెప్టెంబరు మొదలు నవంబరు దాకా ఒకదాని వెంట ఒకటి జాబులు వచ్చాయి. ఏం చర్య తీసుకున్నారు, ఇంకా ఎందుకు చెప్పలేదు అని. డిసెంబరులో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టళ్ల నుంచి, పరిపాలనా భవనం నుంచి, నలుగురు కలిసే చోట్ల నుంచి వెలేశారు. డిసెంబరు 18న రోహిత్ వైస్ ఛాన్సలర్‌కు ఒక ఉత్తరం రాశాడు. దళిత విద్యార్థులకు అడ్మిషన్ నాడే చావు సరంజామా చేతికిచ్చేయండి అనే ఎత్తిపొడుపు అది. ఎత్తిపొడుపు కింద ఎంత మంట ఉందో మన ఇళ్లల్లో ముసలవ్వలు తిట్టే తిట్లు విన్న ఎవరికైనా అర్థమయితది. సరిగ్గా నెలకు, 2016 జనవరి 17న, అతను లేడు.

ఢిల్లీ నుంచి విద్యార్థుల మీదికి వచ్చిన ఉత్తరానికి కాళ్లున్నాయి. విద్యార్థి రాసిన ఉత్తరం రాసినచోటే పడి ఉంది. విమర్శకుడు చూడవలసిన శైలీభేదం ఇది. అధికారం ఏ వాక్యాన్ని చదువుతుంది, ఏ వాక్యాన్ని ఫైలులో పెడుతుంది అన్నది.

ఫెలోషిప్ కావాలని ఆపలేదు, కాగితాలు ఆలస్యమయ్యాయి అని యూనివర్సిటీ వాళ్లు చెప్పారు. సరే, అదే నిజమనుకుందాం. అప్పుడు ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. ఎవరికీ పగ లేకుండానే, ఎవరూ పూనుకోకుండానే ఒక పిల్లవాడి అన్నం 7 నెలలు ఆగిపోగలిగిన ఏర్పాటు అది. ఇంట్లో భూమో జీతమో ఉన్నవాడికి ఆ ఆలస్యం చికాకు. తల్లి కుట్టుమిషను మీద పెంచిన పిల్లవాడికి అది అప్పు. ఒకే కాగితం, ఒకే ఆలస్యం. కులాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది.

ఇది రోహిత్‌తో మొదలు కాలేదు. 2008 ఫిబ్రవరిలో అదే యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడు సేలం వైపు పందులు కాసే కులంలో పుట్టి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. కోర్సువర్కులో ఒక పేపరు తప్పితే ఫెలోషిప్ ఆగింది. గైడు కుదరలేదు. అప్పుడు ప్రొఫెసర్ వినోద్ పావరాల అధ్యక్షతన వేసిన కమిటీ ఆ విభాగం నియమాల్లో అస్పష్టత ఉందని, ఆ విభాగం తమకు వ్యతిరేకంగా నడుస్తోందన్న భావన ఎస్సీ ఎస్టీ విద్యార్థుల్లో ఉందని రాసింది. 2013లో మాదారి వెంకటేశ్ చనిపోయాడు. రెండేళ్లు దాటినా అతనికి పద్ధతిగా ఒక గైడు కుదరలేదని తోటి విద్యార్థులు చెప్పారు. ఆ ఏడే హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల చావుల విషయం హైకోర్టు దాకా పోయింది. అంటే 2016కు ముందే రోగం పేరు తెలుసు. మందు పేరు కూడా కాగితం మీద రాసి ఉంది. తెలియక పోయిన ప్రాణాలు కావు ఇవి.

నాకీ విషయం పుస్తకాల్లో తెలిసింది కాదు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. నారాయణఖేడ్ వైపు మాది. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పది చదివి, పీజీకి ఒక యూనివర్సిటీకి పోయాను. పేరెందుకు, మన పిల్లలు చదివిన ఏ యూనివర్సిటీ పేరైనా అక్కడ పెట్టుకోండి. స్కాలర్‌షిప్పు ఏడాదికి ఒకసారి వచ్చేది. మెస్సు బిల్లు నెలనెలా వచ్చేది. ఈ రెండింటి నడుమనే మా చదువు. బాకీ ఉన్నోళ్ల లిస్టు మెస్సు తలుపుకు అతికించేటోళ్లు. పేరు, రూము నంబరు, బాకీ. ఆ లిస్టు చదివితే చాలు, ఎవరిది ఏ కులమో చెప్పడానికి సర్టిఫికెట్టు అక్కర్లేదు.

నా పేరు లిస్టులో ఎక్కినంక నేను మెస్సుకు పోవుడు మానుకున్న. మా సీనియరక్క ఒకామె రాత్రిపూట రెండు రొట్టెలు కాగితంలో చుట్టుకొచ్చి, "తిను పిల్లా, నాకెక్కువైనయి" అనేది. ఆమెకు ఎక్కువ కాలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికి ఫోను చేస్తే నాయిన "మంచిగున్నవా బిడ్డా, తింటున్నవా" అని అడిగేటోడు. "మంచిగున్న నాయినా, తింటున్న" అనేదాన్ని. నాయిన అప్పుడు మాదాపూర్‌లో సెంట్రింగు పనిలో ఉండె. అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలం. ఆయన పదో అంతస్తు మీద నిలబడి నా గురించి భయపడేటోడు, తన గురించి కాదు.

పరీక్షలకు ముందు వార్డెన్ మేడమ్ పిలిచి అడిగింది. "ఏమ్మా, డల్‌గా ఉంటున్నావు? మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి. పొద్దున్నే లేచి యోగా చెయ్యి." ఆమె చెడ్డ మనిషి కాదు. నిజంగానే నా మంచికే చెప్పింది. కాని ఆమె వెనక గోడకే ఆ బాకీ లిస్టు నకలు వేలాడుతోంది. నా దిగులుకు కారణం ఆమె వీపు వెనక ఉంది. ఆమె నా మొహంలో వెతుకుతోంది.

అందుకే ఇవాళ ప్రతి యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లు, మానసిక ఆరోగ్య వారాలు అంటుంటే నాకు ఆ గోడ యాదికొస్తది. కౌన్సెలింగ్ వద్దని నేననను. మనసు కుంగిన పిల్లకు చెప్పుకునే మనిషి ఉండాలి. ఆ మనిషి మన భాష, మన బతుకు తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది. నేను అనేదల్లా, కౌన్సెలర్ కుర్చీ ఫెలోషిప్ సెక్షన్ కుర్చీకి బదులు కాదు అని. అన్నం ఆపి ఓదార్పు పంపించే పద్ధతిని రక్షణ అనలేం.

ఇంక సెక్యూరిటీ సంగతి. నేనిప్పుడు పనిచేసే బడి శేరిలింగంపల్లి వైపు. మా పిల్లల తండ్రులు చాలామంది గచ్చిబౌలి, నానక్‌రాంగూడ టవర్ల గేట్ల దగ్గర గార్డులు. తల్లులు హౌస్‌కీపింగ్. ఆ కారిడార్‌లో సేఫ్టీ అన్న మాట ప్రతి గేటు మీదా ఉంటది. కెమెరాలు, స్కానర్లు, రాత్రిపూట షటిల్ బస్సులు. ఆడపిల్లలకు అవి అవసరమే, కాదనను. కాని ఆ సేఫ్టీలో మా పిల్లల తండ్రులు కాపలా కాసేవాళ్లు. కాపాడబడేవాళ్లు కాదు.

అదే కారిడార్ పక్కన 2,300 ఎకరాల్లో లేచిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా రక్షణకు అర్థం గేటు దగ్గర్నే తేలింది. 2016 మార్చి 22న, సెలవు మీద పోయిన వైస్ ఛాన్సలర్ తిరిగొచ్చిన రోజు, విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. పాతిక మంది దాకా విద్యార్థులనూ ఇద్దరు అధ్యాపకులనూ చర్లపల్లి జైలుకు పంపారు. మెస్సులు మూతపడ్డాయి. నీళ్లు, ఇంటర్నెట్ కూడా ఆగాయని పిల్లలు మొత్తుకున్నారు. 2025లో పక్కనే కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వస్తే, అడ్డం పోయిన పిల్లల మీద మళ్లీ లాఠీలే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపితే గాని చెట్ల నరకడం ఆగలేదు. ప్రభుత్వాలు మారాయి, లాఠీ మారలేదు. విద్యార్థిని కాపాడవలసిన వ్యవస్థ విద్యార్థి నుంచి తనను కాపాడుకుంటూ వచ్చింది.

ఆ ఐదుగురు 2016 జనవరి మొదట్లో క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. మహానుభావుల బొమ్మలు అచ్చేసిన ఫ్లెక్సీలే గోడలు. ఈ పేరు మీద కూడా మన విమర్శ సరిగా నిలబడలేదని నా ఫిర్యాదు. ఊళ్లో వెలివాడ ఊరి చివర ఉంటుంది. వీళ్లు దాన్ని తెచ్చి అందరూ టీ తాగే నట్టనడుమ పెట్టారు. కనపడకుండా చేసే శిక్షను కనపడేలా తిప్పి కొట్టారు. ఈ ఒక్క పేరు వంద వ్యాసాల పెట్టు. 1993 నుంచి ఆ క్యాంపస్‌లో నడుస్తున్న సంఘం ఇచ్చిన రక్షణ ఇదే. మా సీనియరక్క రొట్టెలు, రోహిత్ స్నేహితుడి 40 వేలు, ఆ చలిలో గుడారం. యూనివర్సిటీ ఇవ్వని రక్షణను పేద పిల్లలు ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకున్నారు.

రోహిత్ పోయినంక ఏం తేల్చారు? కులం తేల్చారు. తల్లి మాల, తండ్రి వడ్డెర. తల్లి ఒంటరిగా సాకిన పిల్లవాడు ఎస్సీ అవుతాడా కాడా అని 2016లో ఒక కమిషన్, 2024లో పోలీసుల ముగింపు నివేదిక. రెండూ కాదనే రాశాయి. ఆ పోలీసు నివేదిక మీద గొడవ లేచాక మళ్లీ దర్యాప్తు అన్నారు. ఆ తల్లి గర్భాన్ని విచారించిన శ్రద్ధలో పదో వంతు ఆ 7 నెలల ఫైలును విచారించడానికి పెడితే ఈపాటికి వేరే పిల్లలకైనా మేలు జరిగేది.

రాధికమ్మ ఊరుకోలేదు. ముంబైలో బిడ్డ పాయల్‌ను పోగొట్టుకున్న ఆబేదా తడ్వీతో కలిసి 2019లో సుప్రీంకోర్టుకు పోయింది. విశ్వవిద్యాలయాల్లో వివక్షను అరికట్టాలన్న యూజీసీ 2012 నిబంధనలు కాగితం మీదనే ఉన్నాయని, అమలు చేయించమని. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. పైకులాల వాళ్లు వీధికెక్కారు. ఆ నెలలోనే కోర్టు వాటిని నిలిపి, పాతవే నడవనీయమంది. మన పిల్లల రక్షణ కోసం ఒక వాక్యం రాస్తే ఎవరికి భయమైందో చూడండి. ఆ భయమే పెద్ద సాక్ష్యం.

ఈ సంకలనంలో రాస్తున్న మనందరికీ ఒక మాట. మన స్వీయకథల్లో అవమానం రాస్తున్నాం, ఆకలి రాస్తున్నాం. బాకీలు రాయడం లేదు. డబ్బుల గురించి రాస్తే చిన్నతనమని ఎవరో మన చెవిలో చెప్పారు. ఏ ఏడు ఏ స్కాలర్‌షిప్పు ఎన్ని నెలలు ఆగింది, ఎవరి బల్ల మీద ఆగింది, ఆ నెలల్లో మనకు ఎవరు తిండి పెట్టారు, ఇవి రాద్దాం. రోహిత్ ఆ రెండు వాక్యాల్లో మనకు నేర్పిన రచనాపద్ధతి అది.

యూనివర్సిటీల పెద్దలకు చెప్పేది కూడా చిన్నదే. పిల్లల బాకీల లిస్టు మెస్సు తలుపుకు అతికించడం మీకు బాగా వచ్చు. ఇంక నుంచి నెలకో లిస్టు రిజిస్ట్రార్ తలుపుకు అతికించండి. ఆగిన ఫెలోషిప్పులెన్ని, ఎన్ని నెలల నుంచి, గైడు లేని పిల్లలెందరు, ఫైలు ఎవరి దగ్గర ఉంది. లిస్టులో పిల్లల పేర్లు వద్దు, బల్లల పేర్లు చాలు. పోతూ వస్తూ మేం చదువుకుంటాం.